చల్లారిన టంకం

ఆ సోమవారం పోతమ్మ గంప కంచరపాలెం రైలుగేటు దాటి సందులోకి వచ్చింది కానీ, ఆమె కేక రాలేదు.

రోజూ గేటు దగ్గరే మొదలయ్యేది ఆ కేక. కానాగంతలు, కవ్వళ్ళు అని చేపల పేర్లు చెబుతూ గూడ్సుబండి కూతతో పోటీపడి, పెంకుటిళ్ళ మీదుగా సాగివచ్చి, ఆటో ఎలక్ట్రికల్ షాపు వెనకగదిలో కూర్చున్న పుష్పకుమారి చెవిన పడేది. అప్పటికే ఆమె ఒళ్ళో ఏదో ఒక కారు డైనమోలోంచి తీసిన ఆర్మేచరు ఉండేది. కాలిపోయిన తీగ విప్పేసి, కొత్త రాగితీగ చుట్టడం ఆమె పని. ముందుగదిలో ఆమె భర్త రత్నరాజు బళ్ళు చూస్తాడు, బేరగాళ్ళతో మాట్లాడతాడు. రెండు గదులకీ మధ్య ఓ పువ్వుల తెర. రాజు మేస్త్రీ వైండింగు అంటే పోర్టు లారీలవాళ్ళకి గురి. ఆ వైండింగు తెర వెనక జరుగుతుందని వాళ్ళలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు కూడా.

చుడుతున్నంతసేపూ పుష్పకుమారి ఆ గదిలో ఉండేది కాదు. వేళ్ళు చుట్లు లెక్కపెట్టుకుంటూ ఉండేవి. ఆమె మాత్రం ఎటో వెళ్ళిపోయేది. హార్బరులో ఖనిజం మోసే బెల్టు చప్పుడు గాలివాటాన వచ్చేది, దూరంగా ఎక్కడో వాన పడుతున్నట్టు. ఆ లేని వానలో తడుస్తూ ఆమె ఏవేవో వీధుల్లో నడిచేది. ఇరవై రెండో చుట్టు దగ్గర వేళ్ళు వాటంతటవే ఆగేవి. ఎప్పుడూ తప్పేవి కావు.

ఇవాళ ఆ వీధుల్లోంచి ఆమెను వెనక్కి లాగింది నిశ్శబ్దమే. కిటికీలోంచి చూస్తే, పోతమ్మ గంప దించుకుని మెట్టు మీద కూర్చుని ఉంది. గంప మీద గోనెగుడ్డ తీయలేదు.

"ఏటి పోతమ్మా, గొంతు పోనాదా?"

"గొంతుండి ఏటి సేత్తాదమ్మా. మా ఆయన్ని పనిలోంచి తీసేసినారు."

పోతమ్మ మొగుడు తాతబాబు, శ్రీరామ్మూర్తి ప్లీడరుగారి పాత ఆస్టిన్ కారుకి పదకొండేళ్ళుగా డ్రైవరు. జాలరిపేటలో పుట్టి స్టీరింగు పట్టినవాడు అతనొక్కడే. ఆ కారు డైనమో ఏప్రిల్ నెలలో ఈ షాపుకే వచ్చింది. పుష్పకుమారే చుట్టింది.

"ఎందుకు తీసేసినారు?"

"బేటరీ దిగిపోతందమ్మా. కొత్తదే. గురువారం తగరపలస ఎల్లి వొత్తే శుక్రవారం బండి కదల్దు. మా భీవిలి పండక్కి మైకుసెట్టోడికి బేటరీ పీకి అద్దెకిచ్చినాడని ఎవలో సెప్పినారంట. బాబుగోరు నమ్మీసినారు." పోతమ్మ కొంగుతో ముఖం కాదు, చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్ళీ తుడిచింది. "పేటలో ఏటంతన్నారో తెల్సా? అమ్మోరి పండక్కి దొంగ కరెంటుతో పాటలెట్టించినాడంట. ఆయన మా మరిది కాడికి భీవిలి ఎల్లిపోనాడు. వలలు బాగు సేత్తన్నాడంట."

"మరి ఆయనేటన్నాడు?"

"సెప్పినాడమ్మా. దూరం ఎల్లినాక, స్పీడు మీదుంటే చార్జింగు ఎర్రలైటు సన్నంగా ఎలుగుతంది బాబూ అని. బాబుగోరు ఎనక సీట్లో కునుకు తీత్తారు కదేటి. ఆపి సూపిత్తే, ఇంజను నెమ్మదిగా ఉన్నప్పుడు అన్ని బళ్ళకీ ఎలుగుతాదిలేరా అన్నారంట."

ఆమె గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. పుష్పకుమారి ఆర్మేచరు ఒళ్ళోకి తీసుకుంది. తొమ్మిదో చుట్టు దగ్గర లెక్క తప్పింది. విప్పి మళ్ళీ మొదలుపెట్టింది.

*

మంగళవారం ఆస్టిన్ వచ్చింది. ఇద్దరు రిక్షావాళ్ళు తోసుకొచ్చారు. పాచిరంగు కారు, ముందు రెండు పెద్ద దీపాలు. ముప్పై ఏళ్ళ బండి అయినా తలుపు వేస్తే బీరువా మూసినట్టు మెత్తగా పడుతుంది. వెనకే శ్రీరామ్మూర్తిగారు గొడుగు పట్టుకుని నడిచివచ్చారు. కోర్టు మానేశాక ఆయన హోమియో చదువుకుని, ప్రతి గురువారం తగరపువలస సంతలో ఊరికే మందులిస్తున్నారు. ఆయనకు చెడ్డపేరు లేదు. తెర వెనక నిలబడ్డ పుష్పకుమారికి అదే కష్టంగా తోచింది. చెడ్డవాడైతే మనసులో తిట్టుకుని ఊరుకునేది.

రత్నరాజు బేటరీ మార్చి, హేండిలు తిప్పి ఇంజను లేపాడు. స్పీడోమీటరు పక్కన చిన్న ఆమీటరు ఉంది. ఇంజను జోరందుకోగానే దాని ముల్లు మధ్యలోంచి కుడివైపుకి, చార్జింగు వైపుకి వాలింది. డైనమో మీద చెయ్యి వేసి చూశాడు. ఫ్యాన్ బెల్టు నొక్కి చూశాడు. బేటరీకి కరెంటు కలిపి తెంపే కటౌటు బాక్సు మూత తీసి పాయింట్లు గీకి మళ్ళీ మూశాడు.

"డైనమో బంగారంలాగుంది బాబూ. చార్జింగు ఫస్టుక్లాసు. బేటరీని ఎవలో బైట వాడేసినారు, అంతే."

శ్రీరామ్మూర్తిగారు తల పంకించారు. గెలిచినట్టు లేదు ఆయన ముఖం. "పదకొండేళ్ళు రాజూ. మా ఇంట్లో పిల్లవాడిలాగ తిరిగాడు. అడిగితే ఒప్పుకుంటే పోయేది. ఎర్రలైటు అంటూ కథలు చెప్పాడు, అదీ నా బాధ."

ఆయన బయట కుర్చీలో కూర్చున్నాక రత్నరాజు నీళ్ళ కోసం లోపలికి వచ్చాడు.

"ఏడెక్కాక సూసినారా?" అంది పుష్పకుమారి మెల్లగా.

"ఏటి సూసేది?"

"డైనమో. పది నిమిషాలు తిరిగితే ఏటి తెలుత్తాది? తాతబాబు దూరం ఎల్లినాక అన్నాడంట."

"పోతమ్మ ఎక్కించిందా?" రత్నరాజు నవ్వాడు. కోపం లేని నవ్వే. "మన వైండింగు అది పుష్పా. నువ్వే కదా సుట్టినావు. దానికేటవుతాది?"

ఆ మాటకి ఆమె గర్వపడాలి. కానీ ఎక్కడో చల్లగా తగిలింది. నీళ్ళగ్లాసు తీసుకుని తెర తొలగించి ఆమే ముందుగదిలోకి వచ్చింది.

"బాబుగారూ, నాకు మెడ నొప్పండి. వంగి పని సేత్తే పట్టేస్తంది. మీ మందు పని సేస్తాదంటారు."

ఆయన ముఖం వెంటనే మారిపోయింది. ఎడమవైపా కుడివైపా, పొద్దున్నా సాయంత్రమా, చలికి ఎక్కువా అని వరసగా అడిగారు. "మందుల పెట్టె తగరపువలసలో ఉందమ్మా. గురువారం రా. మీ ఆయనే కదా బండి తోలేది, డ్రైవరు దొరికేదాకా. ఇద్దరూ రండి."

*

గురువారం పొద్దున్న మబ్బుగా ఉంది. రత్నరాజు స్టీరింగు దగ్గర. పక్కన పుష్పకుమారి. వెనక సీట్లో శ్రీరామ్మూర్తిగారు మద్దిలపాలెం దాటేసరికే నిద్రలోకి జారారు. ఆమె చూపు ఆమీటరు మీదే ఉంది. ముల్లు కుడివైపు నిలకడగా వాలి ఉంది, దేవుడి మాట వింటున్న మనిషి తలలా.

హనుమంతవాక మలుపు తిరిగాక గాలి మారింది. ఎండాడ మిట్ట మీద ఒక్క క్షణం సముద్రం కనబడి, కొండ అడ్డొచ్చి పోయింది. ఎర్రమట్టి గట్లు, తాటిచెట్లు, వాటి మధ్య మేకలు. ఆస్టిన్ ఇంజను తుమ్మెదలా ఒకే స్వరం పట్టుకుని పాడుతోంది. ఆమెకి తెలియకుండానే మనసు తేలింది. డైనమో లోపల తను చుట్టిన రాగి నిమిషానికి వేలసార్లు తిరుగుతోందని అనుకుంది. తను ఎక్కడికీ వెళ్ళదు. చర్చికి, మార్కెట్టుకి, అంతే. తన తీగ మాత్రం ఎన్ని ఊళ్ళు తిరిగిందో. అనకాపల్లి, విజయనగరం, ఒరిస్సా ఘాట్ల మీదికి. లారీల్లో, జీపుల్లో, చీకటి కడుపుల్లో తిరుగుతూ దీపాలు వెలిగిస్తూ. పొలాల మీద మబ్బునీడ జారిపోతుంటే, అది కూడా తను చుట్టిన చుట్టులాగే ఉంది.

మధురవాడ వెళ్ళిపోయింది. ఆనందపురం ముందు రోడ్డు తిన్నగా సాగింది. రత్నరాజు జోరు పెంచాడు.

ముల్లు వణికింది.

ఆమె కలలోంచి కదల్లేదు. కలలోనే చూస్తున్నట్టు చూసింది. ముల్లు ఒకసారి మధ్యకి వచ్చి, తిరిగి కుడికి వెళ్ళి, మళ్ళీ మధ్యకి వచ్చి, మెల్లగా ఎడమకి వాలిపోయింది. దాని కింద ఎర్రలైటు, కుంకుమపువ్వు రేకంత పల్చగా, పగటి వెలుతురులో ఉందో లేదో అన్నట్టు వెలిగింది.

ఆమె భర్త మోచేతిని తాకింది. రత్నరాజు చూశాడు. వేగం తగ్గించాడు. ముల్లు కొంచెం లేచింది. మళ్ళీ పెంచాడు. పడిపోయింది.

"బాబుగారూ," అని పుష్పకుమారి వెనక్కి తిరిగింది. "బాబుగారూ, లేవండి. ఒక్కసారి ముందుకి వంగి సూడండి."

ఆయన కళ్ళజోడు వెతుక్కుని, సీట్ల మధ్యకి తల పెట్టి, తగరపువలస వచ్చేదాకా ఆ ఎర్రటి చుక్కనే చూస్తూ ఉండిపోయారు.

*

మందులిచ్చే వరండా ముందు అప్పటికే పాతికమంది కూర్చున్నారు. ఆయన వాళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. గొడుగు మీద బరువు వేసి కారు పక్కనే నిలబడ్డారు.

రత్నరాజు బానెట్ ఎత్తి, డైనమో నడుముకున్న రేకుపట్టీ విప్పాడు. లోపల్నుంచి వేడిగాలి, కాలిన వాసన. బ్రష్షుల కింద కమ్యుటేటరు, రాగిపట్టీల చక్రం, కనబడింది. రెండు పట్టీలు నల్లగా మాడి ఉన్నాయి. ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా. విప్పిన రేకుపట్టీ లోపలి వైపు తళతళమని వెండి చుక్కలు చిమ్మి ఉన్నాయి. కరిగి విసిరేసిన టంకం.

పుష్పకుమారికి ఇంకేమీ చూడనక్కరలేదు.

తీగ కొసల్ని ఆ రాగిపట్టీలకి టంకంతో అతికేటప్పుడు ఆమె ఒక పట్టీ తర్వాత దాని పక్కది అతకదు. ఒకచోటే వేడి పేరుకోకూడదని చక్రం తిప్పి ఎదురు పట్టీ అతుకుతుంది. ఇలా ఎదురెదురుగా పోయిన రెండు అతుకులంటే, ఒకదాని తర్వాత ఒకటి పెట్టిన చివరి రెండు అతుకులు. అది ఈస్టరుకి ముందురోజు. సాయంత్రం పాటల ప్రాక్టీసు ఉంది. తన గొంతు ఎక్కడ పైకి వెళ్ళాలో, ఎక్కడ తగ్గాలో లోలోపల పాడుకుంటూ కూర్చుంది. కుంపటిలో బొగ్గులు మసిబారడం చూసింది. టంకం కడ్డీ చల్లారిందని చేతికి తెలిసింది. రెండే కదా అనుకుంది. టంకం అంటింది గానీ లోపలికి దిగలేదు. చల్లగా ఉన్నంతసేపూ పట్టుకుని ఉంది. వేడెక్కి, జోరుగా తిరిగితే వదిలేస్తోంది. ఆగి చల్లబడితే తీగ మళ్ళీ వచ్చి ఆనుకుంటోంది, ఏమీ ఎరగనట్టు.

"ఊరుకో," అన్నాడు రత్నరాజు, బానెట్ కింద తల పెట్టి, ఆమెకు మాత్రమే వినబడేలా. "కటౌటు పోనాదని సెప్తాను. ఇంటికెళ్ళి అతికేద్దాం. తాతబాబు తప్పు నేదని ఆయనకెలాగూ తెలిసిపోనాది."

"మనం సేసిన తప్పని తెలీదు కదా."

"తెలిత్తే ఏటవుతాదో తెల్సా? రేపట్నుంచి ఒక్క లారీ మన సందులోకి రాదు. రాజు మేస్త్రీ వైండింగు ఊడిపోనాదంట, అంతారు."

నిజమే. ఆమె రేకుపట్టీ చేతిలోకి తీసుకుంది. ఇంకా కాలుతోంది. ఆ వేడి చేతిలో ఉండగానే శ్రీరామ్మూర్తిగారి దగ్గరికి నడిచింది.

"బాబుగారూ, కటౌటు కాదండి. ఏప్రిల్లో మా షాపులో సేసిన వైండింగు. రెండతుకులు సరిగ్గా పెట్టనేదు. నానే పెట్టాను. కడ్డీ సల్లారిపోనాదని తెలిసీ పెట్టేశాను."

ఆయన ఆమె వంక, తర్వాత రత్నరాజు వంక చూశారు. ముఖంలో జాలి కనబడింది.

"మంచిదానివమ్మా. కానీ భర్త పొరపాటు నీ నెత్తిన వేసుకోనక్కరలేదు. ఆర్మేచరు వైండింగు ఆడవాళ్ళు చేసే పని కాదని నాకూ తెలుసు. రాజూ, నువ్వు చెప్పు."

రత్నరాజు చేతిగుడ్డతో వేళ్ళు తుడుచుకుంటున్నాడు.

పుష్పకుమారికి మొదటిసారి కోపం వచ్చింది. తప్పు ఒప్పుకుంటానంటే ఆ తప్పు కూడా తనది కాదంటున్నారు. ఎదురుగా వీధి అవతల ఓ రేకుపని కొట్టు ఉంది. కుంపటి రాజుకుని ఉంది, కడ్డీలు అందులో గుచ్చి ఉన్నాయి.

"డైనమో దించండి," అంది భర్తతో.

అరగంటలో డైనమో దిగింది. ఆమె కొట్టుమెట్టు మీద కూర్చుని ఆర్మేచరు ఒళ్ళో పెట్టుకుంది. రేకుపని జగ్గయ్య ముసలివాడు. ఏదో అనబోయి, ఆమె కడ్డీ తీసి బుగ్గకి జానెడు దూరంలో పట్టి వేడి చూసుకోవడం చూసి ఊరుకున్నాడు. కడ్డీ మళ్ళీ బొగ్గుల్లో పెట్టించింది. మాడిన పట్టీలు గీకింది. తీగ కొసలు తళుక్కుమనేదాకా రుద్దింది. ఈసారి టంకం నీళ్ళలా పారి, గాడిలోకి దిగి, అవతలి వైపు మెరిసింది. చక్రం తిప్పి ఎదురుది. తర్వాత అడగకుండానే మిగతావన్నీ, ఒక్కొక్కటీ, మళ్ళీ. మందుకి వచ్చినవాళ్ళు సగంమంది వీధి దాటి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఆమెకు వాళ్ళు కనబడలేదు. ఎక్కడికీ వెళ్ళలేదు కూడా. ఆ గంటసేపూ ఆమె తన వేళ్ళ దగ్గరే ఉంది.

తలెత్తేసరికి శ్రీరామ్మూర్తిగారు గొడుగు ఆమె మీద పట్టి నిలబడి ఉన్నారు. సన్నగా తుప్పర పడుతోందని అప్పుడు తెలిసింది.

"ఎన్నేళ్ళుగా చేస్తున్నావమ్మా?"

"పధ్నాలుగేళ్ళండి."

ఆయన గొడుగు రెండో చేతికి మార్చుకున్నారు. "నేను సాక్షుల్ని విని బతికినవాణ్ణి," అన్నారు చివరికి. "ఈ రెండు నెలల్లో ఇద్దరు నిజం చెప్పారు. ఇద్దర్నీ నమ్మలేదు. భీమిలి ఎంత దూరం రాజూ?"

*

భీమిలి ఒడ్డున తెప్పలు ఒడ్డుకు లాగి ఉన్నాయి. మబ్బూ సముద్రమూ ఒకే రంగులో కలిసిపోయి, ఎక్కడ ఏది మొదలవుతుందో తెలియకుండా ఉంది. తాతబాబు, తన తమ్ముడి వల కాలివేలికి తగిలించుకుని చిరుగు అల్లుతున్నాడు. కారు చూసి లేవలేదు. కారులోంచి దిగిన మనిషిని చూసి లేచాడు, అలవాటు కొద్దీ.

శ్రీరామ్మూర్తిగారు చెప్పులు కారు దగ్గరే విడిచి ఇసకలో నడిచారు. తాతబాబుతో గుసగుసగా చెప్పి పోదామనుకున్నారేమో. ఆ పక్కనే చేపలు వేరుచేస్తున్న ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. వాళ్ళలో, మొగుణ్ణి చూసిపోదామని వచ్చిన పోతమ్మ కూడా ఉంది. ఆయన ఆగి, అందరికీ వినబడేలా గొంతు పెంచారు.

"తాతబాబు నా బేటరీ ఎవరికీ ఇవ్వలేదు. కారులో రిపేరు ఉంది. అతను చెప్పాడు, నేను వినలేదు. అతని మీద వేసిన అభియోగం నిరాధారం. తప్పు నాది."

అభియోగం, నిరాధారం అన్న మాటలు సగంమందికి అర్థం కాలేదు. ఆఖరి మాట అందరికీ అర్థమైంది.

"నాదీ," అంది పుష్పకుమారి. "వైండింగు నానే సేసినాను తాతబాబూ. అతుకు ఊడిపోయింది."

తాతబాబు ఆమెను కాక ఆమె చేతుల్ని చూశాడు. కొత్తగా కాలిన బొబ్బ ఒకటి ఉంది బొటనవేలి మీద. "అతుకులు ఊడతాయి అమ్మగోరూ," అన్నాడు. "మాకు రోజూ ఇదే పని." తర్వాత ప్లీడరుగారితో, "పనిలోకి రాను బాబూ. కోపం నేదు. ఎనక సీట్లో మీరుంటే, ఇంక నాకు రోడ్డు కనబడదు. మిమ్మల్నే సూసుకుంతాను."

ఆయన తల ఊపారు. రమ్మని మరోసారి అడగలేదు.

పోతమ్మ వచ్చి పుష్పకుమారి చెయ్యి పట్టుకుంది. ఆమె వెనకే ఓ ముసలామె, గంగాలమ్మ, పోతమ్మకి పినతల్లి, ఇసకలో చేతులు తుడుచుకుంటూ వచ్చి రత్నరాజు ఎదుట నిలబడింది.

"మేస్త్రీ, హార్బరు జెట్టీ కాడ మా అల్లుడి మరబోటుంది. డైనమో కాలిపోయి నెల్లాళ్ళు. దీపం నేకుండా ఏటకెల్తన్నారు. ఇద్దరు మేస్త్రీలు సూసి వొదిలేసినారు. నువ్వోపాలి సూత్తావేటి?"

రత్నరాజు సముద్రం వైపు చూశాడు. నాను సూత్తానన్న అలవాటైన మాట అతని నోటిదాకా వచ్చి ఉంటుంది. దాన్ని మింగడానికి అతనికి కొంచెం టైము పట్టింది.

"నన్నడక్కు పిన్నీ," అన్నాడు. "నానెప్పుడూ సుట్టనేదు. ఆవిణ్ణడుగు."

అతని గొంతులో సంతోషం లేదు. బరువు దించినట్టూ లేదు. నిజం మాత్రం ఉంది. పుష్పకుమారికి ఆ పూటకి అది చాలు.

తిరిగి వస్తుంటే ఆనందపురం దగ్గర, మధురవాడ దగ్గర, రత్నరాజు ఎంత జోరు పెంచినా ముల్లు కదల్లేదు. దాన్ని చూస్తున్నది వెనక సీట్లో శ్రీరామ్మూర్తిగారు ఒక్కరే. పుష్పకుమారి తలుపుకి తల ఆనించి నిద్రపోయింది. మెడ మందు అడగడం మర్చిపోయింది, ఇవ్వడం ఆయనా మర్చిపోయారు.

*

శనివారానికే మాట సందులోకి వచ్చింది. ఒక లారీ ఓనరు వైండింగుకి ఇచ్చిన ఆర్మేచరు వెనక్కి తీసుకుపోయాడు. ఇంకొకాయన ఇచ్చాడు కానీ, ఆవిడ చేత కాకుండా నువ్వే చెయ్యి రాజూ అని చెప్పిమరీ ఇచ్చాడు. రత్నరాజు అది తెచ్చి పుష్పకుమారి ముందు పెట్టి, ఆ మాట కూడా దాచకుండా చెప్పాడు. ఆ మధ్యాహ్నమే అతను దాన్ని తిరిగిచ్చేసి వచ్చాడు.

సోమవారం పొద్దున్న ఆమె సంచిలో టంకం కడ్డీ, తీగచుట్ట, మైకా ముక్కలు పెట్టుకుని పోతమ్మతో జెట్టీకి వెళ్ళింది. రత్నరాజు వస్తానన్నాడు. షాపు చూసుకోమంది. ఫిషింగ్ హార్బరు నిండా మరబోట్లు ఒకదానికొకటి ఒరుసుకుని ఊగుతున్నాయి. మంచులాంటి పొగ నీళ్ళ మీద పాకుతోంది. అవతలి ఒడ్డున ఖనిజం దుమ్ము పొద్దుటి ఎండలో గులాబీరంగుగా లేస్తోంది. ఇన్నేళ్ళూ వానచప్పుడనుకుంటూ విన్న బెల్టు అదేనని తెలిసి ఆమె ఒక్క క్షణం నిలబడిపోయింది. ఇంత దగ్గర్లో విన్నా వానలాగే ఉంది.

గంగాలమ్మ అల్లుడు గురువులు బోటు అంచున కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. వీళ్ళని చూసి లేచాడు. పుష్పకుమారి భుజం మీదుగా జెట్టీ పొడుగునా చూశాడు.

"మేస్త్రీ ఎనకొత్తన్నాడా?"

"ఎవలూ రారు. నానే."

అతను ఇంకా ఏదో అడగబోయి, పోతమ్మ ముఖం చూసి మానుకుని, బీడీ నీళ్ళలోకి విసిరి చెయ్యి చాచాడు. పుష్పకుమారి సంచి ముందు అందించింది. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో తాడు పట్టుకుని కాలు మోపింది.

ఆమె బరువుకి బోటు ఒక్కసారి పక్కకి ఒరిగింది. తర్వాత సర్దుకుంది.